వదిన పుల్లనీళ్లు

మా వదిన చేతికి మురికి గ్లాసు ఇచ్చి తిట్లు తినకుండా బయటపడ్డవాళ్లు ఇంతవరకూ లేరు. టీ తాగేసి గ్లాసును సింకులో అలా పడేసి జారుకోబోతే వెనక నుంచి మాట వచ్చి పడుతుంది. "ఏమయ్యా, అది గ్లాసా, నీ బుర్రా? అడుగున మడ్డి అలాగే ఉంది, కడుక్కుని మరీ వెళ్లు." ఈ మాట పడ్డవాళ్లలో మా పరిశోధనశాల పెద్దాయన కూడా ఉన్నాడు. ఆయన కిక్కురుమనకుండా వెనక్కి వచ్చి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

ఆవిడ మా అన్నయ్య భార్య. నేను వదినా అని పిలవడం విని భవనమంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. ఆడా మగా, చిన్నా పెద్దా, పెద్దాయనతో సహా అందరికీ ఆవిడ వదినే. "నాకు ఒక్కగానొక్క తమ్ముడు, నా పెళ్లానికి మాత్రం నలభైమంది మరుదులు" అని మా అన్నయ్య నవ్వుతూ ఉంటాడు.

వదిన పని గాజు కడగడం. మాది వైరస్‌ల మీద పరిశోధన చేసే చోటు. రోజూ వందలకొద్దీ సన్నటి ట్యూబులు, బుడ్డీలు, సీసాలు మురికిగా మేడ మీది గదికి వెళతాయి, కడిగి ఆరి కిందికి వస్తాయి. నేను అదే భవనంలో కింది అంతస్తులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడుపుతాను. వైరస్ మామూలు మైక్రోస్కోపుకి అందదు. నా యంత్రం దాన్ని లక్షరెట్లు పెద్దది చేసి ఫొటో తీస్తుంది. అందుకని నన్ను ఫొటోల అన్నయ్య అంటారు. నాకు కోపం కాస్త ఎక్కువ. నా యంత్రాన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఇంకా ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

ఇరవై రెండేళ్ల కిందట వదిన ఒక మందుల కంపెనీ షెడ్డులో సీసాలు కడిగేది. రోజుకి ఎన్ని కడిగావన్నదే అక్కడ లెక్క, ఎలా కడిగావని అడిగే నాథుడు లేడు. ఆ పని విసుగెత్తి ఇక్కడికి వచ్చింది. వచ్చినవాళ్లందరికీ తలా ఒక మసిపట్టిన బుడ్డీ ఇచ్చి కడగమన్నారట. మిగతావాళ్లు రెండు నిమిషాల్లో కడిగి నిలబడితే, వదిన అరగంట కడిగింది. పని చూసే అధికారి విసుక్కుంటే బుడ్డీని కిటికీకి ఎదురుగా ఎత్తి, "ఇందులోంచి ఆ కిటికీ ఊచలు చూడండి. వంకర లేకుండా కనిపిస్తే నన్ను తీసుకోండి, లేకపోతే వద్దు" అందిట. అప్పట్నుంచి ఇప్పటిదాకా ప్రతి గాజు ముక్కకీ అదే పరీక్ష. ఏడాది తిరిగేసరికి, ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నన్ను చెవి పట్టుకుని తీసుకొచ్చి మైక్రోస్కోపు గదిలో తుడిచే పనిలో పెట్టించింది. తుడుస్తూ తుడుస్తూ నడపడం నేర్చుకున్నాను. నేను తినే ప్రతి మెతుకూ ఆవిడ చలవే. ఈ మాట ఆవిడ ఎదుట మాత్రం ఎప్పుడూ అనలేదు. అంటే ఇక నెత్తికెక్కి కూర్చుంటుంది.

మా కుళాయి నీళ్లు వట్టి సున్నం. కడిగిన గాజు ఆరితే చాలు, తెల్లమచ్చలు. దానికి వదిన ఒక మందు కనిపెట్టింది. నీలం మూత ఉన్న పెద్ద తొట్టిలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు. వాటిని పుల్లనీళ్లు అంటుంది. గాజును అందులో ముంచి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు గిలకరించి పారబోస్తుంది. ఆ నీళ్లలో సున్నం లేదు, ఉప్పు లేదు, ఏమీ లేదు కాబట్టి వాటి పేరు ఖాళీ నీళ్లు. లెక్క తప్పకుండా ఉండటానికి ఆవిడ పద్ధతి ఆవిడకుంది. "ఇది మా అత్తగారికి, ఇది మా ఆడపడుచుకి, ఇది మా మరిదికి" అని మూడుసార్లూ మా ఇంటిల్లిపాదినీ కడిగి పారేస్తుంది.

మూడేళ్ల కిందట ఒక అమ్మాయి పరిశోధన చేయడానికి వచ్చింది. నడవడం చేతకాదు, ఎక్కడికైనా పరుగే. వరండాలో చెప్పుల టపటప వినిపిస్తే తలెత్తి చూడక్కర్లేదు. వదిన ఆమెకి పరుగు అని పేరు పెట్టింది. తిండి మరిచిపోయి తిరిగే రకం కాబట్టి, రోజూ మధ్యాహ్నం పట్టుకుని గాజు గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి తన డబ్బాలోంచి సగం పెట్టేది. ఆ పిల్ల తింటూనే తన పని గురించి చెప్పేది. ఒక రకం బాక్టీరియాకు మాత్రమే పట్టే వైరస్ అది, మనుషుల జోలికి రాదు.

"పుట్టగానే దీని డొల్ల గుండ్రంగా, మందంగా ఉంటుంది వదినా. ముట్టుకుంటే చెదిరిపోయేంత బలహీనం. తర్వాత దాని జన్యువు దారంలాగా లోపలికి ఎక్కుతుంది. అప్పుడు ఒళ్లు విరుచుకుని పెద్దదవుతుంది. గోడ పలచబడుతుంది, మూలలు తేలతాయి, గట్టిపడుతుంది."

"పలచబడితే గట్టిపడటం ఏమిటి? ఎక్కడి చోద్యమే?"

"అదే కదా తమాషా! గోడలో ముక్కలన్నీ జరిగి, ఒకదాన్నొకటి కొక్కేలేసి పట్టుకుంటాయి. ఇక ఊడవు."

"అంటే లేతవి ముదురుతాయి. ఆ ముక్క చెప్పొచ్చుగా? బెండకాయల సంగతికి ఇంత ఉపన్యాసం ఎందుకు?"

ఆ రోజు నుంచి మా అందరికీ అవి లేతవి, ముదురువి అయిపోయాయి. పరుగు చేయాల్సిన పని చెప్పుకోవడానికి తేలికే. జన్యువు లోపలికి ఎక్కకుండా ఆపి, డొల్లల్ని లేతగానే ఉంచింది. ముందు ఆ లేతవాటి ఫొటో తీయాలి. ఆ తర్వాత, ఏది తగిలితే అవి ముదురుతాయో, ముదిరేటప్పుడు నడుమ ఏ రూపంలో ఉంటాయో పట్టుకోవాలి. ఈ వైరస్ విషయంలో అది మా వాళ్లెవరికీ తెలియదు.

ఒకరోజు ఆ పిల్ల ఒక ట్యూబును వెలుతురుకి పెట్టి చూసి, "వదినా, నా చేతిలో ట్యూబుందా లేదా? నాకు కనపడటం లేదు!" అంది. ఇరవై రెండేళ్లలో వదిన తర్వాత గాజును కిటికీ దగ్గర పెట్టి చూసిన రెండో మనిషి ఆ పిల్ల. వదిన మొహం చేటంత అయింది. మర్నాటి నుంచి పరుగు ట్యూబులకి వేరే స్టాండు, దానికి గుర్తుగా ఎర్రదారం. ఆ స్టాండు మీద ఇంకెవరి చెయ్యి పడ్డా విరగడమే తరువాయి.

అంతా బాగానే ఉంది, ఫొటోలే బాగాలేవు. పరుగు తెచ్చిన నమూనా నా యంత్రంలో పెడితే, గుండ్రంగా కనిపించాల్సినవన్నీ మూలలు తేలి, నిక్కబొడుచుకుని కనిపించాయి. అన్నీ ముదురువే. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. ఆరు నెలలు అదే వరస. బాక్టీరియాను మార్చింది, ఉప్పులు మార్చింది, ఫ్రిజ్ మార్చింది. చివరికి నా గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, మీ మైక్రోస్కోపు ఏమైనా..." అని నసిగింది. ఇక చూడండి. పక్క గది వాళ్ల నమూనాలు నాలుగు వరసగా తీసి చూపించాను. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. "యంత్రం మీద పడి ఏడవకు, నీ వంట చూసుకో" అని అరిచాను. ఆ పిల్ల మొహం మాడిపోయింది. మొదటిసారి ఆమె నడిచి వెళ్లడం చూశాను.

ఆ వారమే పెద్దాయన ఆమెను పిలిచాడు. మూడో శుక్రవారం హాల్లో అందరి ముందూ లేత డొల్లల ఫొటోలు చూపించాలి. చూపించలేకపోతే ఈ పని మూసేసి ఆమె ఇంటికి వెళ్లిపోవచ్చు. అప్పటికి సరిగ్గా పదిహేడు రోజులున్నాయి.

మర్నాడు భోజనాల దగ్గర వదినకి ఈ సంగతంతా చెప్పాను. పిల్లను అరిచినందుకు ముందు నాకు పడాల్సినవి పడ్డాయి. ఆ తర్వాత అడిగింది. "ఆరు నెలల్లో ఒక్కసారైనా లేతవి రాలేదా?"

"ఒక్కసారి వచ్చాయి. ఒక వారమంతా వరసగా వచ్చాయి. ఆ తర్వాత షరా మామూలే. ఆ ఫొటోల మీద తారీఖుంది, చూస్తావా?"

తారీఖు చెప్పాను. వదిన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అప్పుడు నాకు జ్వరం. ఆ వారం నేను రాలేదు. తోటమాలి కడిగాడు గాజంతా."

నాకింకా వెలగలేదు. వదిన డబ్బా మూత పెట్టేసి మేడెక్కింది. నేను వెనకాలే వెళ్లాను. ఎర్రదారం స్టాండులోంచి ఆరిన ట్యూబు ఒకటి తీసి, అందులో రెండు చుక్కల ఖాళీ నీళ్లు వేసి, నీలం లిట్మస్ కాగితం ముక్క దింపింది. చిన్నప్పుడు బడిలో చూసిందే, పులుపు తగిలితే ఎర్రబడుతుంది. కాగితం ఎర్రబడింది. పక్క స్టాండులో వేరేవాళ్ల ట్యూబు తీసి అలాగే చేసింది. కాగితం నీలంగానే ఉంది.

"అదేంటి వదినా? మూడుసార్లు కడుగుతావుగా?"

"అందరివీ అంతే. దీనివి మాత్రం..." వదిన ట్యూబును స్టాండులో పెట్టేసింది. "కడిగాక కూడా ఒక్కోసారి మసకగా కనిపిస్తాయి. మెచ్చుకున్న పిల్ల కదా, ఇంకా మెరవాలని ఆఖర్న మళ్లీ ఒక్కసారి పలచటి పుల్లనీళ్లలో ముంచి ఆరబెట్టేదాన్ని. నీళ్లతోపాటు పులుపూ ఆరిపోతుందనుకున్నాను."

ఆరలేదు. కంటికి కనిపించని పొరలా గాజుకి అంటుకుని ఉంది. పరుగు నమూనా మూడు నాలుగు చుక్కలకి మించదు. ఆ చుక్కలు అందులో పడగానే పులుపు కరిగి వాటిలో కలిసేది. అక్కడితో లేతవి ముదిరిపోయేవి. భవనంలో ఇంకెవరికీ రాని కష్టం ఆ పిల్లకే ఎందుకొచ్చిందంటే, వదినకి ఆ పిల్లంటే ముద్దు కాబట్టి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాను. "వదినా, ఎవరికీ చెప్పకు. రేపట్నుంచి ఆ ఆఖరి ముంపు మానెయ్. పిల్లకి లేతవి వస్తాయి, శుక్రవారం గట్టెక్కుతుంది. నీ పేరూ నిలబడుతుంది. ఎవరికి నష్టం?"

"నిజమే" అంది వదిన. ఆ సాయంత్రం నలభై ట్యూబులు పుల్లనీళ్లు తగలకుండా కడిగి ఎర్రదారం స్టాండులో బోర్లించింది. నేను హమ్మయ్య అనుకున్నాను. తప్పు మాపే ఉపాయం దొరికితే నిజం చెప్పాలన్న ఆలోచన నాకు చప్పున రాదు, నా బుద్ధి అంత.

పొద్దున పరుగు వచ్చి స్టాండు అందుకుంది. వదిన అవతలి పక్క పట్టుకుంది, వదలలేదు. ఇద్దరూ చెరో వైపూ పట్టుకుని నిలబడ్డారు. నేను గుమ్మంలోంచి వద్దు వద్దని తల ఊపుతున్నాను.

"పిల్లా, ఇవి తీసుకెళ్లే ముందు ఒక మాట విను" అంది వదిన. "నీ ఆరు నెలలూ పాడుచేసింది నేనే."

మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆఖరి ముంపు, జ్వరం వచ్చిన వారం, ఎర్రబడ్డ కాగితం, ఏదీ దాచలేదు. "ఈ గదిలో గాజు నావల్ల చెడిందన్న మాట ఇంతవరకూ పడలేదు. ఇవాళ నేనే అంటున్నాను. నువ్వు పెద్దాయనకి చెప్పు, ఏమంటే అదే" అంటూ చెంగుతో కళ్లొత్తుకుంది.

పరుగు స్టూలు మీద కూలబడింది. తర్వాత మెల్లగా, "పుల్లనీళ్లు" అంది. మళ్లీ, "పుల్లనీళ్లా?" అంది. ఒక్కసారి లేచి వదిన రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"వదినా! ముదరడానికి ఏం తగలాలో నేను మూడేళ్లుగా వెతుకుతున్నాను. అది పులుపు! అది నీ తొట్టిలో ఉంది!"

"తిట్టవే?"

"తర్వాత తిడతాను. ముందు చెప్పు, ఎన్ని నీళ్లకి ఎంత నిమ్మ ఉప్పు? ఆరడానికి ఎంతసేపు పడుతుంది?"

ఆ తర్వాత పదిహేను రోజులు ఎలా గడిచాయో మాకే తెలియదు. పుల్లనీళ్లు తగలని ట్యూబుల్లో మొదటిరోజే లేతవి వచ్చాయి. గుండ్రంగా, బొద్దుగా, గోడ నిండా బొడిపెలతో, ఫొటో నిండా అవే. నేను యంత్రం ముందు కుర్చీలోంచి లేచి ఒక గెంతు గెంతాను. ఈ వయసులో గెంతకూడదని నడుముకి తర్వాత తెలిసింది.

కానీ పరుగు అక్కడ ఆగలేదు. లేతవాటికి పులుపు కొలిచి తగిలించి, అవి పూర్తిగా ముదిరేలోపు సోడా కలిపిన నీళ్లు పోసి పులుపు విరిచేయాలి. నడుమ ఎక్కడ ఆగాయో చూడాలి. ఆలస్యమైతే ముదురు, తొందరపడితే లేత. గడియారం చూస్తూ పోస్తే పరుగు కంగారులో ముందో వెనకో అయ్యేది. వదిన చూసి చూసి, "ఇలా ఇవ్వు" అని చుక్కలు పోసే గొట్టం లాక్కుంది. "అత్తగారు, ఆడపడుచు, మరిది" అని పోసింది. మరో ట్యూబుకి "అత్తగారు, ఆడపడుచు" దగ్గరే పోసింది. వేరేదానికి "అత్తగారు" అనగానే పోసింది. ఇంకోదానికి మా అత్తలూ మేనత్తలూ అందరూ అయ్యాక పోసింది. ప్రతి ఒక్కటీ పదేసిసార్లు. పది సార్లూ ఒక్క రవ్వ తేడా లేదు. మా చుట్టాలు ఒకరికి ఉపయోగపడటం నాకు తెలిసి అదే మొదలు.

నేను ఫొటోలు తీశాను. అత్తగారి దగ్గర ఆపినవి గుండ్రంగానే, కొంచెం ఉబ్బి ఉన్నాయి. ఆడపడుచు దగ్గర ఆపినవాటికి గోడ పలచబడింది, బొడిపెలు సగం అణిగాయి, మూలలు ఇంకా తేలలేదు. మరిది దగ్గరివాటికి మూలలు అప్పుడప్పుడే తేలుతున్నాయి. మేనత్తల దాకా వెళ్లినవి నిటారుగా, మూలలు పొడుచుకుని, పూర్తిగా ముదిరి ఉన్నాయి. మధ్యవాటిని పరుగు చాలాసేపు చూసింది. ఇలాంటివి ఉంటాయని అనుకోవడమే గానీ కళ్లతో చూడటం అప్పుడే.

"వీటికి పేరేం పెట్టాలి అన్నయ్యా? లేతా కాదు, ముదురూ కాదు."

"దోరవి" అంది వదిన వెనక నుంచి. "అంత చదువుకున్నారు, దోర అన్న మాట తెలియదా?"

మూడో శుక్రవారం పదకొండు గంటలకి హాలు నిండిపోయింది. వదిన రానంది. పరుగు చెయ్యి పట్టి లాక్కొచ్చి చివరి వరసలో నా పక్కన కూర్చోబెట్టింది. తెర మీద అయిదు ఫొటోలు వరసగా వచ్చాయి. లేతది, మూడు దోరవి, ముదురుది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"పులుపని ఎలా తట్టింది నీకు?" అన్నాడు.

"నాకు తట్టలేదు సార్. వదిన చెప్పింది."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వదిన లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ఆ రోజు గాజు గదిలో చెప్పిందంతా హాలంతటికీ మళ్లీ చెప్పింది. పెద్దాయన మొహంలో ఏ భావమూ లేదు.

"నువ్వు చెప్పకుండా మానేసి ఉంటే మాకెవరికీ తెలిసేది కాదుగా?"

"తెలిసేది కాదు సార్."

"మరెందుకు చెప్పావు?"

"నేను ఊరుకుంటే ఆ పిల్లకి ఆరు నెలలు ఎందుకు పోయాయో ఎప్పటికీ తెలియదు. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటూ బతుకుతుంది. అది నావల్ల కాలేదు." కొంచెం ఆగి, నా వైపు చెయ్యి చూపించింది. "ముందు మా మరిదికి చెప్పాను సార్. ఆలస్యం చేయకుండా వెళ్లి చెప్పేయమన్నాడు."

పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. వదినకి, పరుగుకి, వాళ్లతోపాటు నాకూ. పక్క వరసవాళ్లు నా వీపు తట్టారు. నేను మూతి బిగించి నవ్వుతూ నేల వైపు చూస్తూ కూర్చున్నాను. పరుగు పని ఇంకో రెండేళ్లు కొనసాగుతుందని పెద్దాయన అక్కడే చెప్పాడు. ఆ పిల్ల వేదిక మీద నుంచి చివరి వరస దాకా పరుగెత్తుకొచ్చి వదిన మెడ చుట్టేసింది.

మెట్లు దిగేటప్పుడు వదిన్ని నిలదీశాను. "ఎందుకలా చెప్పావు? నేను చెప్పొద్దన్నాను కదా!"

"నలభైమంది మరుదులున్నా సొంత మరిదివి నువ్వొక్కడివే. నలుగురిలో నిన్ను తక్కువ చేస్తానా?" అని చకచకా దిగిపోయింది.

ఆ రాత్రి మంచం మీద ఇదే ఆలోచన. నా మాట విని ఉంటే పరుగు దగ్గర నాలుగు గుండ్రటి ఫొటోలు మిగిలేవి, అంతే. దోరవి ఈ భూమ్మీద ఎవరూ చూసేవారు కాదు. ఆ చప్పట్లు నన్ను నిలవనివ్వలేదు. తెల్లారగానే పరుగు గదికి వెళ్లాను. నీళ్లు నమిలి నమిలి చెప్పేశాను. "అమ్మాయ్, నిన్న వదిన చెప్పింది నిజం కాదు. చెప్పొద్దన్నది నేను. తలుపు వేసి మరీ అన్నాను."

పరుగు పకపకా నవ్వింది.

"వదిన ఆ రోజే, మీరు కిందికి వెళ్లాక చెప్పింది అన్నయ్యా. మీరు గుమ్మంలో తల ఊపడం నేనూ చూశాను."

నేను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మీ అంతట మీరు ఎప్పుడొచ్చి చెబుతారా అని నిన్న పందెం వేసుకున్నాం. నేను వారం పడుతుందన్నాను." లేచి వరండాలోకి పరుగెత్తుతూ, వెనక్కి తిరిగి అరిచింది. "మా మరిది తెల్లారేసరికి వస్తాడు చూడు, అంది వదిన!"